సుమిత్రమ్మ పాడని ఏళ్లు

పెద్దేముల్‌లో గొర్రెలు కాచుకునే ఇంటి పిల్ల నాగరాణి. చరిత్రలో పీజీ చదువుతుండగా, ఒక వేసవి ఇటలీలో గడిపి చదువుకునే అవకాశం వచ్చింది. బతుకుదెరువుకు దేశాలు దాటిన ఆడవాళ్లు ఏ పాటలు, ఏ ఆచారాలు వెంట తెచ్చుకున్నారో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. తల్లి సుమిత్రమ్మ కారప్పొడి కట్టిచ్చి, పైలంగా పోయి రమ్మని ఊరుకుంది.

తల్లీకూతుళ్ల మధ్య మాటలు ఎప్పుడూ తక్కువే. నాగరాణి ఇంకా ఉయ్యాల దిగకముందే సుమిత్రమ్మ పిల్లను తన తల్లి కాశమ్మకు అప్పగించి, భర్తతో కలిసి పుణెకు బిల్డింగు పనికి వెళ్లిపోయింది. కొన్నేళ్లకు తిరిగి వచ్చేసరికి పిల్ల అమ్మను చూసి కాశమ్మ కొంగు చాటుకు పోయింది. ఆ ఎడం అలాగే ఉండిపోయింది.

ఇటలీలోని పలెర్మో నగరంలో నాగరాణి ఒంటరిదైపోయింది. తోటి విద్యార్థులు పిలిస్తే సముద్రం ఒడ్డుకు వెళ్లేది గానీ, వాళ్లు దేనికి నవ్వుతున్నారో తెలియక పక్కకు జరిగి కూర్చునేది. పగలంతా వలస వచ్చిన ఆడవాళ్ల కుట్టు కేంద్రంలో ఉండేది. అక్కడ మొరాకో నుంచి వచ్చిన ఫతీహా స్వెటర్లు అల్లేది. ఏది అడిగినా ముక్తసరిగా జవాబిచ్చేది. ఒకరోజు నాగరాణి పాట పాడమంటే, అల్లిక ఆపి, మీ అమ్మ ఏం పాడుతుందని దుబాసీ చేత అడిగించింది.

నాగరాణికి ఉన్ని వడుకుతూ కాశమ్మ పాడటం తెలుసు. అమ్మ పాడగా విన్న గుర్తే లేదు.

ఆ మధ్యాహ్నమే అమ్మకు ఫోన్ చేసింది. సుమిత్రమ్మ కంది చేలో కలుపు తీస్తోంది.

"అమ్మా, పుణెల పనికాడ పాటలు పాడుతుంటిరా?"

సుమిత్రమ్మ కొడవలి పక్కన పెట్టింది.

"అందరు పాడుతుండిరి. నేనే పాడకపోతుంటి. నిన్ను జోకొట్టిన పాటలే నాకొచ్చేటియి బిడ్డా. నోట్లకొస్తే నువ్వు యాదికొస్తుంటివి, పనికి చెయ్యాడకపోతుండె. గట్లనే బందైపోయినయ్."

ఇన్నేళ్లూ నీమీద కోపంగా ఉన్నానని చెప్పాలనుకుంది నాగరాణి. అంతలోనే తిన్నావా అని తల్లే అడిగి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఫతీహాకు ఆ మాట చెప్పింది. ఆమె కుర్చీని నాగరాణి దగ్గరికి జరుపుకుని, తన ఇద్దరు ఆడపిల్లలూ మొరాకోలో తమ ఊళ్లోనే ఉన్నారని మొదటిసారి చెప్పింది. పాట మాత్రం పాడలేదు. నాగరాణీ మళ్లీ అడగలేదు. వేసవి ముగిసేలోగా, వలసపోయి పాడటం మానేసిన ఆడవాళ్ల గురించి వ్యాసం రాసింది. చదివిన అధ్యాపకులు బాగుందన్నారు. ఆ సంతోషం పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

తాండూరులో రైలు దిగేసరికి సుమిత్రమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. షేర్ ఆటోలో పక్కపక్కన కూర్చున్నాక, ఒక్క పాట పాడమని కూతురు మెల్లగా అడిగింది.

"మాటలు సుత మర్చిన బిడ్డా," అంది సుమిత్రమ్మ, బయటికి చూస్తూ.

తల్లి ఒడిలో ఉన్న బరువు సంచిని నాగరాణి తన ఒడిలోకి తీసుకుంది.