బుచ్చన్న పెట్టిన హ్యాష్

గద్వాల బుచ్చన్నకు ఉన్నది ఒక్కటే జబ్బు, దాచిపెట్టుడు. పైసలు కాదు, బంగారం కాదు, సంగతులు. "అన్నా, ఏం కూర?" అని ఆఫీసుల పక్క సీటు శ్రుతి అడిగితే టిఫిన్ మూత మీద చెయ్యి పెడతడు. "ఆకలి తీరిందా అని అడుగు, చెప్త. కూర లోపలి సంగతి" అంటడు. ఆయనకు ఏ కూర ఇష్టమో కట్టుకున్న విజయమ్మకే ఈనాటికీ తెల్వదట.

అసొంటోనికి జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష దొరికితే ఇగ చెప్పేదేముంది. నేత సంఘం యాప్ ఇద్దరూ కలిసే చేస్తుండ్రు. అండ్ల ఒక్కో చీర వివరాలు పెట్టే డబ్బా అసొంటి కోడు, 'చీర' అనే క్లాసు, శ్రుతి రాసింది. నేసిందెవరు, పోగులు అతికిందెవరు అసొంటి లోపలి వివరాల పేర్ల ముందట కింది గీత, అదే అండర్‌స్కోర్ పెట్టి ఇంటికి పోయింది. తెల్లారి చూస్తే ఆ గీతలన్నీ '#' గుర్తు హ్యాష్‌లై కూసున్నయి.

"అండర్‌స్కోర్‌కు ఏమైందన్నా?"

"అది 'జర ముట్టకుండ్రి' అని బతిమాలుడు తల్లీ. ముట్టేటోడు ముట్టనే ముడతడు. హ్యాష్ పెడితే క్లాసు బయటోళ్లకు అందదు. మనం ఏ జవాబు ఇయ్యాలనుకుంటమో గదే పోతది."

"చీరకు గింత కాపలానా?"

"చీరకు కాదు" అన్నడు. ఆ మీద స్కూటర్ తాళం తీస్కొని బయటపడ్డడు.

ఆ వారమే సంఘం సెక్రటరీ శ్రవణ్ కుమార్ ఫోన్ చేసిండు. గద్వాల చీరకు నడుమ నూలు, కొంగుకు పట్టు. రెండింటి పోగులు ఒక్కొక్కటిగ చేత్తోని అతకాలె. సొంతంగ అతకరానోళ్ల దగ్గరికెల్లి సంఘం మగ్గం వాపసు తీసుకోవాలని కమిటీ తీర్మానం చేసిందట. "ఏ చీరకు ఎవరు అతికిండ్రో తీసి చెప్పమ్మా" అన్నడు.

శ్రుతి క్లాసు బయటికెల్లి అడిగింది. ఎర్రగ ఎర్రర్ వచ్చింది. కోపం నషాళానికి అంటింది. బుచ్చన్న సీట్ల లేడు, ఎటు పోయిండో చెప్పి పోయే మనిషి గాదాయె. పాపం, స్కూటర్‌కు హ్యాష్ పెట్టుడు మరిచిండు. వెతుక్కుంట పోతే అది సంఘం మగ్గం మీద నేసే తిమ్మమ్మ ఇంటి ముందట నిలబడి ఉంది.

లోపల మగ్గం మీద బుచ్చన్న, ముక్కు కొసన కండ్లద్దాలు, కొంగు పోగులు అతుకుతుండు. నేతోళ్ల ఇంట్ల పుట్టిన చెయ్యి మరి. పక్కన తిమ్మమ్మ, కండ్లకు పొరలొచ్చినయి. నేసుడు చేతులకు వస్తది గాని సన్న పోగు కనబడదు. వచ్చే నెల దవాఖానల ఆపరేషన్. అందాక ఆ మగ్గం పోతే ఆమె బతుకుదెరువే పోతది.

ఇన్నొద్దులు ఈ మనిషిని చూసి నవ్వినందుకు శ్రుతికి సిగ్గేసింది. అంతల మళ్ల సెక్రటరీ ఫోన్.

"తీసినవామ్మా?"

"నేత మంచిగుందా, చీర టైంకు వస్తదా, గవి అడుగుండ్రి సార్, చెప్త. అతికింది ఎవరన్నది క్లాసు బయటికి రాదు. గట్లనే రాసినం."

సెక్రటరీ గొంతు తగ్గించిండు. "తిమ్మమ్మ చీర వస్తదా?"

"టైంకు వస్తది సార్."

"కమిటీకి గదే చెప్త తియ్" అని పెట్టేసిండు.

బుచ్చన్న తల ఎత్తలే. తిమ్మమ్మ జర జరిగి, "కూసో బిడ్డా, నువ్వు గూడ ఓ నాలుగు పోగులు పట్టు" అన్నది. శ్రుతి నాలుక కొరుక్కుంట అతికింది. బుచ్చన్న కండ్లద్దాలు సవరించి ఆ ముడులు చూసి, చాలాసేపు ఆలోచించిండు.

"తల్లీ, వీటికి రెండు హ్యాష్‌లు పెట్టాలె."

తిమ్మమ్మ నవ్వుకుంట, వేళ్లతోని తడిమి ఆ నాలుగూ విప్పింది.