తాడు దాటిన నీడ

ప్రెస్కోలా అక్క పడవలో కూర్చునేది కాదు.

విహారయాత్ర ఓడ వచ్చే రోజుల్లో తెల్లవారుతూనే మా ఊరి రేవు నుంచి పనివాళ్ళను ఎదుటి దీవికి చేరవేసేది నా పడవే. వంటవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఓడ దిగినవాళ్ళకు జడలల్లే ఆడవాళ్ళు, అందరూ బల్లల మీద ఒదిగి కూర్చుని కునుకు తీసేవాళ్ళు. ఈవిడ మాత్రం ముందు కొసన నిలబడేది. ఓసారి దీవి వైపు, ఓసారి ఊరి వైపు చూస్తూ, తలకు కట్టిన గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంటూ, కాలు కాలిన పిల్లిలా కదులుతూనే ఉండేది. ఆమె అటు అడుగేస్తే పడవ అటు ఒరిగేది.

"కూర్చో అక్కా. నీ పుణ్యమా అని అందరం చేపల పాలవుతాం."

"నువ్వు సరిగ్గా నడపరా ఆల్రిక్. నిలబడ్డ మనిషి పడిందంటే తప్పు నడిపేవాడిదే."

"కూర్చున్నవాళ్ళెవరూ పడట్లేదుగా."

"వాళ్ళంతా నిద్రలో ఉన్నారు. పడ్డా వాళ్ళకి తెలీదు."

రోజూ ఇదే వరస. నాకు కోపం వచ్చేది, రెండో రోజుకు మళ్ళీ అదే మాట అనేవాణ్ణి. ఇంట్లో అయినా ఆమె అంతే. పొయ్యి మీద చేపల పులుసు పెట్టి పక్కింటికి పోయేది, పక్కింట్లో మాట మధ్యలో వదిలి రేవుకొచ్చేది. చర్చిలో ఆమెకు తలుపు పక్కనే చోటు. ప్రసంగం మూడో మాటకే బయట ఉండేది. పాస్టరు గారు కూడా ఆమెను చూడటం మానేశారు.

దీవి ఓడ కంపెనీది. మా ప్రభుత్వం దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఆ కౌలు ఎప్పటికి తీరుతుందో మా మనవల మనవలను అడగాలి. అక్కడ ప్రెస్కోలా అక్క పని, ఉత్త ఇసుకకూ అద్దె పాకలకూ మధ్య కట్టిన తెల్ల తాడు దగ్గర నిలబడి, ఓడ దిగిన జనానికి ఏది టిక్కెట్టులో కలిసి ఉంది, దేనికి వేరే కట్టాలి అని చెప్పడం. చెప్పి చెప్పి ఆ మాటలకు ఒక రాగం వచ్చేసింది.

"ఇసుక కలిసిందేనమ్మా. సముద్రం కలిసిందే. కుర్చీ కలిసిందే. కాల్చిన కోడి, అన్నం, పుచ్చకాయ ముక్కలు ఎన్ని తిన్నా కలిసిందే. గొడుగు వేరే. తేలే చాప వేరే. రమ్ము వేరే. మా శంఖం మాంసం వేరే. జారుడుబల్ల వేరే. పాక అయితే మరీ వేరే."

ఊళ్ళో పిల్లలు ఆమెను చూసి "ఆంటీ, గాలి కలిసిందేనా?" అని ఏడిపించేవాళ్ళు. "గాలి కలిసిందే, నీ వాగుడికే వేరే" అని ఆగకుండా నడిచిపోయేది.

మా దీవుల్లో బిడ్డ పుడితే బొడ్డుతాడును పెరట్లో ఏదో ఒక చెట్టు మొదట్లో పాతిపెడతారు. ఆ మనిషిది ఇక ఆ మట్టే. నాది మా ఇంటి వెనక సపోటా చెట్టు కింద ఉంది. అందుకే ఎంత తిరిగినా సాయంత్రానికి ఇంటికి చేరతానని మా అమ్మ అనేది. ఊళ్ళో ఒక్క ప్రెస్కోలా అక్కదే అవతలి దీవిలో ఉంది. ఆ సంగతి ఆమె తల్లి క్లోటిల్డా పెద్దమ్మ చెబితే వినాలి.

"నిండు నెలలతో పీతలు పట్టడానికి పోయానురా. ఇంట్లో కూర్చోమంటే విన్నానా? ముందు పీతలు బయటికొచ్చాయి, వెనకాలే ఇది. మీ పెదనాన్న శంఖాలు కోసే కత్తితోనే బొడ్డు కోశాడు. అక్కడ ఏముంది, ఒక సముద్రద్రాక్ష చెట్టు. దాని కిందే గొయ్యి తీసి పాతాడు. అందుకే దీనికి నిలకడ లేదు. ఇక్కడుంటే అది లాగుద్ది, అక్కడుంటే నేను లాగుతాను."

కంపెనీ దీవిని చదును చేసినప్పుడు చెట్లు చాలా పోయాయి. ఆ ఒక్కటి ఉండిపోయింది. పళ్ళేల్లాంటి గుండ్రని ఆకులు, గుబురు నీడ చూసి ఎవరో తెలివైనవాడు దాని పక్కనే పాక కట్టి, అన్ని పాకలకన్నా ఎక్కువ అద్దె పెట్టాడు. ఆ చెట్టు కనబడే చోటే పని కావాలని ప్రెస్కోలా అక్క అడిగి మరీ చేరింది. రోజూ వెళ్ళగానే దాని బెరడు మీద ఓసారి చెయ్యి వేసి, తర్వాత తాడు దగ్గరికి వచ్చేది. అదొక్కటే ఆమె నెమ్మదిగా చేసే పని.

చిక్కు నీడతో వచ్చింది. పొద్దున చెట్టు నీడ పాక మీద పడుతుంది. భోజనాలయ్యాక మెల్లగా తాడు దాటి ఇవతలి ఇసుక మీదికి వస్తుంది. గొడుగుకు డబ్బు పెట్టలేనివాళ్ళు, పెట్టడం ఇష్టం లేనివాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు కుర్చీలు లాక్కుని అందులో చేరేవాళ్ళు. పాకలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు మండేది. డబ్బు కట్టింది మేము, నీడ వాళ్ళకా అని ఫిర్యాదు. ఆ మాట నాలుగైదు ఓడల వాళ్ళు అనేసరికి ఒడ్డు మేనేజరు ఫార్కర్సన్ వచ్చాడు.

ఫార్కర్సన్ నాసావ్ కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు రేడియో. మావాడే, కానీ రాజధాని నుంచి వచ్చినవాడికి మా ఊరివాళ్ళంటే ఇప్పుడే పీతల బొరియలోంచి వచ్చినవాళ్ళలా కనబడతారు. నేను మంచు పెట్టెలు దించుతూ అంతా విన్నాను.

"మిస్ ప్రెస్కోలా, ఓడ లేని రోజు చూసి ఈ చెట్టు తీసేయిస్తున్నాను. దాని బదులు గుడ్డ పందిరి వేస్తాం. గుడ్డ నీడ చెప్పినచోట ఉంటుంది."

ఆమె తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది.

"నా బొడ్డుతాడు దీని కింద ఉంది నాయనా."

"నాది నాసావ్ ఆసుపత్రి చెత్తబుట్టలో పోయింది. నాకు రాత్రిళ్ళు బాగానే నిద్ర పడుతుంది."

"నీకు నిద్ర పడుతుంది గనకే చెబుతున్నా. నాకు అది కూడా లేదు."

ఫార్కర్సన్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన తంటా. తనకు తోచిన మేలు చేశాడు.

"సరే, ఒక పని చేయండి. నీడ ఇటు వచ్చినప్పుడు ఇటువైపు వాళ్ళెవరూ అందులో కూర్చోకుండా చూడండి. ఫిర్యాదు రాకపోతే చెట్టు జోలికి నేను రాను. చెట్టు మీ చేతుల్లో ఉంది."

ఆ రోజు నుంచి ప్రెస్కోలా అక్క మధ్యాహ్నం పూట ఇసుకలో తాడు కట్టిన మేకులు పీకి, దాన్ని పట్టుకుని, నీడ వెంట నడవడం మొదలుపెట్టింది. నీడ జానెడు జరిగితే మేకు జానెడు జరిపేది. ఎండ కాల్చేస్తుంటే నీడ అంచు మీద, తాను ఎండలోనే నిలబడి, ఆ రాగంలోకి కొత్త మాట చేర్చింది.

"లేవండమ్మా. ఇది పాకలో భాగం. ఇది వేరే."

"చెట్టు నీడకు కూడా డబ్బా?" అని ఒక ముసలాయన అడిగాడు. మొహం ఉడికించిన రొయ్యలా ఉంది.

"ఇది వేరే నాయనా. అక్కడ నీళ్ళలో నిలబడండి, చల్లగా ఉంటుంది."

ఆయన భార్య ఆమె వైపు చూసిన చూపు నేను చూశాను. మా జడలల్లే ఆడవాళ్ళు కూడా వదల్లేదు. "ప్రెస్కోలా, మేఘం వస్తోంది, దానికీ తాడు కట్టు" అనేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. ఇదివరకు వాళ్ళు ఒకటంటే రెండు తగిలించే మనిషి.

తిరుగు పడవలో ఆగలేక అడిగేశాను.

"ఇదేం కాపాడటం అక్కా? నీ చెట్టు కింద నిన్నే కుక్కను కట్టేసినట్టు కట్టేశాడు వాడు."

"నరికితే నువ్వు అతికిస్తావా?"

"అతికించలేను."

"మరి నోరు మూసుకుని నడుపు."

కానీ ఆమెకు నిలకడ మరీ తప్పింది. రాత్రిపూట కూడా పెరట్లో అటూ ఇటూ నడుస్తోందనీ, నిద్రలో లేవండి లేవండి అంటోందనీ పెద్దమ్మ నాతో చెప్పి బాధపడింది. చెట్టు మాత్రం ఉంది. ఫిర్యాదులు ఆగాయి. ఫార్కర్సన్ ఎదురైతే బొటనవేలు పైకెత్తి చూపించేవాడు.

ఏడాదికి ఒక్క రోజు, పెంతెకొస్తు పండుగ మర్నాడు సోమవారం, ఓడ రాకుండా చూస్తారు. ఆ రోజు దీవి మా ఊరివాళ్ళకు వదులుతారు. కంపెనీ దయ. మా తాతల కాలం నుంచి ఆ సోమవారం మేం అక్కడే వండుకు తింటున్నామన్న సంగతి వాళ్ళ కాగితాల్లో లేదులెండి. పాకలకు తాళాలు, జారుడుబల్లకు తాళం, రమ్ము కొట్టుకు తాళం. ఇసుక, సముద్రం కలిసిందే.

ఈసారి క్లోటిల్డా పెద్దమ్మ తానూ వస్తానంది. మోకాళ్ళు పనిచేయక ఏళ్ళ తరబడి ఆమె ఊరు దాటలేదు. చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని, ఒళ్ళో కందులన్నం గిన్నె పెట్టుకుని కూర్చుంటే కుర్చీతో సహా మోసి దించాను. చెట్టును మొదలు నుంచి కొమ్మల దాకా చూసింది.

"ఇంత లావయిందా" అంది. "దగ్గరికి పోవచ్చా?"

"పాక తాళం వేసి ఉంది పెద్దమ్మా."

"సరే. నన్ను ఇటుపక్క దించు. నీడ ఇటే వస్తుందిగా, ఆగుతాను."

తాడుకు ఇవతల, మండే ఇసుకలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. గొడుగు తెస్తానన్నా వద్దంది. ప్రెస్కోలా అక్క ఆ రోజు పనిలో లేదు, పువ్వుల గౌను వేసుకుంది. అయినా ఒక్క క్షణం ఆగలేదు. పొయ్యి దగ్గర రొట్టె తిప్పి, పిల్లలకు చేపముళ్ళు తీసి, ఎవరి గిన్నెలో ఏం తక్కువైందో చూసి, ఒడ్డు పొడుగునా తిరుగుతూనే ఉంది.

అందరం తిన్నాం. నీడ తాడు దాటింది. ముందు పెద్దమ్మ పాదాల మీద పడింది. తర్వాత మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆమె అరచేయి తిప్పి ఆ నీడలో పెట్టుకుని, చిన్నపిల్లలా చూసుకుంటోంది. నేను పక్కనే ఇసుకలో పడుకుని ఉన్నాను. అప్పుడు వెనక నుంచి పరుగు వినబడింది. ప్రెస్కోలా అక్క దూరం నుంచి నీడను చూసింది, అందులో ఒక కుర్చీని చూసింది. అంతే. వచ్చీ రావడంతోనే వంగి మేకు పీకింది.

"లేవండమ్మా, లేవండి. ఇది వేరే."

ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడయింది.

పెద్దమ్మ తలెత్తి కూతుర్ని చూసింది. తర్వాత గౌను జేబులోంచి రుమాలు తీసి, కొస ముడి విప్పడం మొదలుపెట్టింది. చర్చి కానుకకు దాచుకునే డబ్బు ఆ ముడిలో ఉంటుంది.

"ఎంతండీ?" అంది.

వెక్కిరించిందో, ఎండకు కళ్ళు చెదిరి ఎవరో కంపెనీ మనిషి అనుకుని నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. ప్రెస్కోలా అక్క చేతిలో మేకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లి ముడి విప్పి నోటు బయటికి తీసేదాకా నిలబడి, అప్పుడు మోకాళ్ళ మీద పడి, ఆ రుమాలు మీద చెయ్యి వేసి అదిమి, ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. సిగ్గుపడాల్సిన పనేముంది, వచ్చింది.

లేచాక మేకులన్నీ పీకి తాడు చుట్టచుట్టి నా పడవలో పడేసింది.

ఆ వారం ఓడ వచ్చింది. మధ్యాహ్నం నీడ ఇవతలికి రాగానే జనం కుర్చీలు లాక్కుని చేరారు. ఆమె వాళ్ళ మధ్య నిలబడి, ఒకావిడ బిడ్డను ఎత్తుకుని ఆడిస్తోంది. ఫార్కర్సన్ పరుగెత్తుకొచ్చాడు.

"తాడేది మిస్ ప్రెస్కోలా?"

"ఇంట్లో ఉంది. గుడ్డలారేసుకుంటున్నాం."

"మనం అనుకున్న మాట ఏమైంది?"

"అనుకుంది నువ్వు బాబూ. మోసింది నేను. ఇక నా వల్ల కాదు."

"చెట్టు పోతుంది."

"తెలుసు."

ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఫార్కర్సన్ ఇంకా ఏదో అనబోయి, రేడియో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఓడ లేని రోజు పొద్దున రంపం చప్పుడు నీళ్ళ మీదుగా ఊళ్ళోకి వచ్చింది. నేను పెద్దమ్మ వాళ్ళ గోడ పక్కన వల బాగుచేసుకుంటున్నాను. ప్రెస్కోలా అక్క పెరట్లో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తోంది. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"నీ బొడ్డుతాడు ఎప్పుడో మట్టయిపోయిందే. రంపానికి దొరకదులే" అంది తల్లి.

"మట్టి కూడా వాళ్ళదేగా అమ్మా."

చప్పుడు ఆగింది. ఆమె కూడా ఆగింది. కాసేపు దీవి వైపు చూసి, వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా లేవలేదు.

ఉద్యోగం పోలేదు. తువ్వాళ్ళు ఇచ్చే బల్ల దగ్గరికి మార్చారు. తువ్వాలు కలిసిందే గనక అక్కడ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇప్పుడామె తెల్లవారుతూనే పడవ ఎక్కి, అందరితో పాటు బల్ల మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. పడవ ఒరగదు. ఇన్నేళ్ళు దీని కోసమే గొంతు చించుకున్నాను, ఇప్పుడదే చూడలేకపోతున్నాను.

నిన్న దీవి దగ్గర పడుతుండగా ఆగలేక అన్నాను.

"కాస్త లేచి నిలబడు అక్కా."

ఆమె కళ్ళు తెరవలేదు.

"ఎందుకురా, పడవ ఊగుతుంది."