శనగ గింజంత రొట్టె ముక్కలు

గొర్రె మాంసం సూప్ అడిగితే సూప్ లేని గిన్నె తెచ్చి పెట్టారు. అందులో అరచేయంత రొట్టెలు రెండు, ఒక నంబరు బిళ్ళ. రొట్టెలు తెల్లగా, గట్టిగా, సగమే కాలినట్టున్నాయి.

“ముందు వీటిని మనమే తుంచాలిరా. తుంచి ఇస్తే కిచెన్‌లో సూప్‌తో కలిపి ఉడికించి తెస్తారు. ఎవరి గిన్నె వాళ్ళకి రావడానికే ఆ నంబరు,” అన్నాడు మా స్నేహితుడు.

అమెరికాలో, షాంటిలీలో మేం సరుకులు కొనే ఇండియన్ స్టోర్ వెనక వరసలో ఉంది ఆ చైనా హోటల్. ఇంజనీరింగ్‌లో వాడూ నేనూ ఒకే గది, ఇప్పుడు ఒకే ఊరు. వాడు ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడతాడు. నేను కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఇన్నేళ్ళు వాదించుకున్నా మా మధ్య ఎప్పుడూ చెడలేదు. రెండు నెలల కిందట చెడింది. వాళ్ళింట్లో భోజనాల దగ్గర వాడి కూతురు ప్రార్థన చేస్తుంటే, మధ్యలో అందుకుని, “వండింది మీ అమ్మ కదమ్మా, థాంక్స్ పైకి పంపుతావేం?” అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళు తెరిచి ఆపేసింది. ఆ తర్వాత నేనెన్నిసార్లు ఫోన్ చేసినా వాడు ఎత్తలేదు.

ఈ శనివారం తనే ఫోన్ చేసి లంచ్‌కి రమ్మన్నాడు. హోటల్‌కి రమ్మన్నాడు, ఇంటికి కాదు. మళ్ళీ ఆ ఇంట్లో అడుగు పెట్టనిస్తాడా లేదా, నాకు కావలసింది అదొక్కటే. అది అడగలేక రొట్టె గురించి అడిగాను.

“దీనికి మిషన్ లేదా? కస్టమర్ చేత చాకిరీ చేయించడమేంటి?”

“మొదలెట్టావా! ఇక్కడ కూడా మీటింగ్ పెట్టకురా బాబూ. తుంచు.”

చపాతీని కూరకి తుంచినట్టు నిమిషంలో తుంచి పారేసి గిన్నె ఇచ్చేశాను. యజమానురాలు, అరవై ఏళ్ళావిడ, అందులోంచి ఒక ముక్క తీసి నా బొటనవేలి పక్కన పెట్టి చూసింది. “టూ బిగ్,” అని గిన్నె వెనక్కి తోసింది. మావాడి గిన్నె చూపించింది. అన్నీ శనగ గింజంత ముక్కలు. చర్చిలో రొట్టె విరిచిన అలవాటా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కానీ ఆవిణ్ణి అడగకుండా ఉండలేకపోయాను. చిన్నవే కావాలంటే కత్తితో కోయొచ్చుగా? ఆవిడ నవ్వలేదు, కసురుకోలేదు. లోపలికి వెళ్ళి చిన్న కప్పులో వేడి సూప్, కత్తితో కోసిన ముక్క ఒకటి తెచ్చింది. దాన్నీ, చేత్తో తుంచిన ముక్కనీ అందులో వేసి కాసేపాగి, రెండూ విడదీసి చూపించింది. కోసినదాని లోపల ఇంకా పొడి పిండే. గరుకుగా తుంచినది లోపలిదాకా తడిసింది. ఏ ఆచారం గురించి ఎవరినడిగినా మా పెద్దలు చెప్పారన్న జవాబు వినీ వినీ విసిగిన చెవులు నావి. రుజువు తెచ్చి బల్ల మీద పెట్టింది ఈవిడే.

“ఎంత ఓపికగా చెప్పింది!” అన్నాను.

“నా కూతురూ చెప్పేదిరా,” అన్నాడు వాడు తల ఎత్తకుండా. “నువ్వు అడగడం తప్పు కాదు. అది ప్రార్థన ముగించాక అడగాల్సింది.”

ఎదుటివాడు ముగించేదాకా ఆగాలన్నది మా సభల్లో మొదటి నియమం. మఠాధిపతుల దగ్గర కూడా దాన్ని పాటించాను. ఒక చిన్నపిల్ల దగ్గర పాటించలేదు.

“తప్పు నాదే,” అన్నాను.

వాడు తన గిన్నె పంపకుండా పక్కన పెట్టుకుని, నా గిన్నెలోంచి గుప్పెడు ముక్కలు తీసుకుని తుంచడం మొదలుపెట్టాడు. “కానివ్వు, రెండు గిన్నెలూ ఒకేసారి పంపుదాం.”

పావుగంట తర్వాత పొగలు కక్కుతూ వచ్చాయి గిన్నెలు. కొత్తిమీర, మెత్తటి మాంసం, పక్కన ఊరబెట్టిన వెల్లుల్లి, ఎర్ర కారం. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను చెంచా ముట్టలేదు. నాకు కొత్తగా భక్తి పుట్టిందేమీ లేదు, ఆగానంతే.

“ఏంటి, తినట్లేదే?”

“నువ్వు ముగించాలిగా.”

పెదవి చివర నవ్వు దాచుకున్నాడు. “మా పిల్ల నిన్నో ప్రశ్న అడగాలంటోంది. ‘మరి అంకుల్ ఎవరికి థాంక్స్ చెప్తాడు డాడీ?’ అని రెండు నెలల్నుంచీ నన్ను తినేస్తోంది. రేపు చర్చి అయ్యాక ఇంటికొచ్చి నువ్వే చెప్పుకో.”

“వస్తాను,” అన్నాను. సూప్‌లో చెంచా తిప్పి చూశాను, ఒక్క ముక్కయినా పొడిగా మిగిలిందేమోనని. మిగల్లేదు.