కొబ్బరి పొట్టు, తేట నీళ్లు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. పుట్టింట్లోనూ అత్తగారింట్లోనూ రంగుల పనే. జంపఖానాలు నేసేవాళ్లకు నూలు అద్ది ఇచ్చేవాళ్లం. కాగుతున్న తొట్టిలో నూలు చిలపలను, అంటే నూలు కట్టలను, కర్రతో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ అలా తిప్పీ తిప్పీ నా ఒంటికి నిలకడ లేకుండా పోయింది. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేస్తానని మా ఆయన ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

రంగుల పని తగ్గిపోయాక వరంగల్ పొలిమేరలో రోడ్డు పక్కన కొంత జాగా కౌలుకు తీసుకుని షేడ్‌నెట్ కట్టాం. మిర్చి నారు, టమాట నారు, బంతి నారు పెంచి రైతులకు ఇవ్వాలని. మట్టిలో మడి కట్టి పోసే నారు కాదు. ప్లాస్టిక్ ట్రేల్లో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిని కొబ్బరి పొట్టుతో నింపి, గుంటకొక విత్తనం వేసి పెంచే నారు. కొబ్బరి పొట్టులో మట్టిలో ఉన్నట్టు సత్తువ ఏమీ ఉండదు. మొక్క తినేదంతా మనం నీళ్లలో కలిపి పొయ్యాల్సిందే.

మాకు మొదటి పెద్ద పని అప్పగించింది మా చెల్లెలిని ఇచ్చిన ఊళ్లో వాళ్ల పక్కింటామె. తొర్రూరు దిక్కు ఊరు. ఎకరం మిర్చి, మిగతాది పత్తి వేస్తుంది. వయసులో నాకంటే పెద్దది, అందుకే అక్కా అంటాను. ఆమె వేసేది చపాట మిర్చి. టమాటలా గుండ్రంగా ఉండే, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే కాయ. ఆ విత్తనాన్ని ఆమె ఎన్నడూ కొనలేదు. వాళ్ల అత్త ఉన్నప్పటి నుంచీ ప్రతి ఏడూ మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, గింజ తీసి దాచుకుంటున్నదే. అంతకు ముందు ఏడు కల్లంలో ఉండగానే కాయ వానకు తడిసిపోయింది. ఏరి ఏరి తీస్తే దోసెడు గింజ మిగిలింది. ఆ దోసెడూ తెచ్చి నా చేతిలో పోసింది.

“మడిల పోస్తే సగం నారుకుళ్లుతోటే పోతాంది చెల్లె. నువ్వైతే పైలంగ పెంచుతవని తెచ్చిన. ఇంట్ల ఇంకొక్క గింజ లేదు. ఇదే ఉన్నది” అంది.

“నీకెందుకక్కా ఫికర్, నేనున్న కదా” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

కొబ్బరి పొట్టు ఇటుకల్లా గట్టిగా అచ్చులు పోసి వస్తుంది. నీళ్లు పోస్తే పొంగుతుంది. మా పాత రంగు తొట్టిలోనే నానబెట్టాను. మొదటి నీళ్లు డికాషన్‌లా దిగాయి. వంపేసి మళ్లీ పోశాను. మూడోసారికి పలచబడ్డాయి. అయిదోసారికి గ్లాసులో పట్టి ఎండకేసి చూస్తే నీళ్లు తేటగా, అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయి. అద్దకం పనిలో మా అత్తమ్మ నాకు నేర్పిన పరీక్ష అదొక్కటే. అద్దిన చిలప ఉతికితే నీళ్లు తేటగా రావాలి. వచ్చాయంటే పని అయిపోయినట్టే. పొట్టు అమ్మిన షాపతను కడిగాక కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రోజు నానబెట్టమని చెప్పాడు. ఇంకో ప్యాకెట్ అంటగట్టడానికి చూస్తున్నాడనుకున్నాను. నీళ్లు కడగడం నాకు ఇతను నేర్పేదేంటని నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

విత్తనాలన్నీ మొలిచాయి. రెండేసి ఆకులతో డెబ్బై ట్రేలు పచ్చగా లేచి నిలబడితే నా కాళ్లు నేల మీద నిలవలేదు. అక్క రోజూ ఫోన్ చేసేది.

“ఎట్లున్నరే పిల్లలు?”

“లేసి కూసున్నరక్కా” అనేదాన్ని.

పది పన్నెండు రోజులకు ఆకుల అంచులు మాడడం మొదలైంది. కొత్త ఆకు ముడుచుకునే వస్తోంది. మొక్క ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆకలేమో అనుకున్నాను. ఎరువు నీళ్లు పోశాను. మర్నాడు ఇంకాస్త చిక్కగా కలిపి పోశాను. పొద్దున పోసి, మధ్యాహ్నం పోసి, సాయంత్రం మళ్లీ పోయబోతుంటే మా ఆయన బకెట్ పట్టుకున్నాడు.

“గంత ఆగమెందుకే? జర దమ్ము తీసుకోనియ్యి వాటిని.”

“చూస్కుంట కూసుంటే బత్కుతయా?” అని విదిలించుకున్నాను.

అక్కడితో ఆగితే కొన్నైనా దక్కేవేమో. కాలు గాలిన పిల్లిలా ట్రేల మధ్య తిరుగుతూ, గంటకోసారి రెండు మొక్కలు పీకి వేర్లు చూడడం మొదలుపెట్టాను. పాడు అలవాటు. వేర్లు తెల్లగా పొట్టునంతా అల్లుకుని ఉండాలి. నా మొక్కలకు అంగుళం వేరు కూడా లేదు. ఉన్నదాని కొస గోధుమ రంగుకు తిరిగి, వేళ్లతో నలిపితే తొక్క ఊడి వస్తోంది. పీకినదాన్ని మళ్లీ గుంటలో గుచ్చేదాన్ని. గుచ్చింది మర్నాటికి వాలిపోయేది.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. “మంచిగున్నయక్కా” అన్నాను. మర్నాడూ అదే అన్నాను. నాలుగు రోజులు వరసగా ఆమెకు అబద్ధం చెప్పాను.

అయిదో రోజు మా రోడ్డులోనే ఉన్న పెద్ద నర్సరీ ఆయన దగ్గరికి ఒక ట్రే పట్టుకుని పరుగెత్తాను. ఆయన మొక్క వైపు చూడనే లేదు. ఒక గుంటలోని పొట్టును గుప్పిట్లో పిండి, కారిన నీళ్లలో పెన్నులాంటి మీటరు ముంచాడు. నీళ్లలో ఉప్పెంత ఉందో చెప్పే మీటరట. అంకె చూసి పెదవి విరిచాడు.

“పొట్టు కడిగినవా అక్కా?”

“అయిదుసార్లు కడిగిన. నీళ్లు తేటగ అచ్చినయి.”

“రంగు పోయింది. ఉప్పు పోలే. ఉప్పు కంటికి కనవడది కదా. పొట్టును పట్టుకోని కూసుంటది, ఉత్త నీళ్లకు ఇడ్వది. కాల్షియం నైట్రేట్ నీళ్లల్ల నానవెడితే గప్పుడు ఇడుస్తది. నువ్వు ఉప్పుల నాటినవ్, పైకెంచి ఎరువు పోసి ఇంకింత ఉప్పు చేసినవ్. ఆకలి గాదక్కా, దూపతోటి సచ్చిపోతానయ్.”

చుట్టూ నీళ్లుండగా దాహంతో చావడం. రోజుకు మూడుసార్లు పోసింది నేనే. తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ల చేతిపనిని నమ్ముకుని, ఆ పనికి బయట నాకేమీ తెలియదని కూడా తెలియకుండా బతికాను.

ఆయన చెప్పినట్టే చేశాను. ప్రతి ట్రేనూ కాల్షియం నైట్రేట్ పలచగా కలిపిన నీళ్లతో అడుగు రంధ్రాల నుంచి కారేదాకా తడిపాను. మర్నాడు మళ్లీ తడిపాను. నేల మీదున్న ట్రేలను పైపుల మీదికి ఎత్తి, అడుగున గాలి ఆడేలా చేశాను. ఆ తరువాత రోజూ చాలా పలచటి ఎరువు నీళ్లు, పోసిన ప్రతిసారీ కొంత కిందికి కారిపోయేలా. ఇక ముట్టుకోవద్దన్నాడు. అదొక్కటే నాకు చేతకాలేదు. చివరికి మా ఆయన నన్ను బజారు పనులకు తరిమి, తనే కాపలా కూర్చున్నాడు.

వారం తరువాత మా ఆయనే ఒక మొక్కను ఎత్తి చూపించాడు. గోధుమ రంగు వేరు పక్కనుంచి తెల్లటి కొత్త వేర్లు దారపు పోగుల్లా వచ్చాయి. సంతోషం ఎంతసేపు? పద్దెనిమిది ట్రేలు మాత్రమే తేరుకున్నాయి. యాభై రెండు ట్రేలు పోయాయి.

అప్పుడొచ్చిన ఆలోచన నాదే, ఇంకెవరి మీదికీ తోయను. పెద్ద నర్సరీలో అదే ఈడు మిర్చి నారు వరసలు వరసలుగా ఉంది. ఆ వయసులో ఏ మిర్చి మొక్కయినా ఒకలాగే ఉంటుంది. యాభై ట్రేలు తెచ్చి కలిపేస్తే కాయ కాసేదాకా ఎవరికీ తెలియదు. కాశాక అడిగితే విత్తనం కలిసిందేమోననవచ్చు. ఒక రోజు పొద్దుటంతా ఆ నర్సరీ గేటు ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. నాలుగోసారి గేటు దాకా వెళ్లి, అక్కడే నిలబడి ఫోన్ తీశాను. అదే చేనులో ఈ రెండు రకాలూ పూస్తే పుప్పొడి కలిసి, మరుసటి ఏడు ఆమె దాచుకునే గింజ కూడా చపాట కాకుండా పోతుందన్నది అప్పుడే తట్టింది.

“అక్కా, జర ఒచ్చి పోరాదే” అన్నాను.

మర్నాడు పొద్దుటి బస్సుకే వచ్చింది. అంతా చెప్పాను, నాలుగు రోజుల అబద్ధంతో సహా. తిడుతుందని ఎదురు చూశాను. ఎండిపోయిన ట్రేల దగ్గర గొంతుక్కూర్చుంది. తరువాత బతికిన మొక్కనొకదాన్ని ఎత్తి, వేరు చూసి, జాగ్రత్తగా మళ్లీ గుంటలో పెట్టింది.

“ఇవ్వి నిలవడ్తయా?”

“నిలవడ్తయక్కా.”

“అయితే ఈ ఏడు కాయ అమ్మను. ఉన్నకాడికి అంత ఇత్తనానికే ఉంచుకుంట. కడమ జాగల పత్తి ఏస్త.”

అంతే. ఒక ఏడాది మిర్చిని నా అయిదుసార్ల కడుగుడుకు వదులుకుని, ఒక్క మాట అనకుండా ట్రేలు ఆటోలో ఎత్తించుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ మొక్కలు కాశాయి. ఆమె గింజ దాచింది. ఈ ఏడు మృగశిర దాటగానే మళ్లీ మా షేడ్‌నెట్ దగ్గర బస్సు దిగింది. వస్తుందనుకోలేదు. పొట్లం నా చేతిలో పెడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. పొట్టును ఈసారి ఎలా నానబెట్టానో, మీటరు కొన్నానని, ఆగకుండా చెప్పుకుపోయాను. అంతా విన్నది.

“ఇది సగమే చెల్లె. కడమ సగం ఇంట్లనే ఉంచిన” అంది, నా మొహం చూడకుండా.

“అదే మంచిదక్కా” అన్నాను.

“నీ మీద నమ్మకం లేక గాదే. నువ్వు మంచిగనే పెంచుతవ్, నాకెరుకే. అంత ఒక్కకాడ పెడితే నాకే నిద్ర వడ్తలేదు.”

ఆమె ఎప్పుడూ దిండు మీద తల వాల్చగానే నిద్రపోయే మనిషని మా చెల్లెలు చెబుతుండేది. ఆ నిద్ర చెడగొట్టింది నేను.