నేరేడు కొమ్మ, కరెంటు రంపం

వయసులో ఉన్నప్పుడు తనకు తెలియనిది లేదనిపిస్తుంది మనిషికి. ఆ రోజుల్లో నేనూ అంతే; అప్పటికి నాకు అరవై రెండే. (ఇప్పటి నా వయసు నుంచి చూస్తే అది పడుచుతనమే.) మా పెరటి నేరేడు కొమ్మ ఒకటి గోడ దాటి తమ్ముడి మరమగ్గాల షెడ్డు మీదికి వాలింది. ఒకనాడు మరదలు గోడ అవతలి నుంచి, "బావా, వానకాలమచ్చె. ఆ కొమ్మ గిన రేకుల మీద పడ్డదంటే మా రెండు మగ్గాలు ఖతం. ఇగ మా బతుకే పోతది" అంది. తమ్ముడికీ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. (తగాదా గోడ ఎత్తు దగ్గర వచ్చింది. తప్పు వాడిదే, ఇప్పటికీ.) అయినా నేనే కోస్తానన్నాను.

నాకెవరూ ఏదీ నేర్పలేదు. మోటార్లు విప్పీ బిగించీ నేర్చుకున్నవాణ్ణి. మిషన్ రంపం ఎంచుకోవడం నాకో లెక్కా? మా ఆవిడ మాత్రం గడప దాటకముందే హెచ్చరించింది: "ఎవ్వలూ అడగనిది తీస్కరాండ్రి. అడిగి తీస్కపోయిన మన నిచ్చెన ఏ వాడల ఉన్నదో ఎరుకేనా?" నిజమే. పెట్రోలు రంపమైతే నా పెట్రోలు తాగుతూ ఊరంతా తిరుగుతుంది. బ్యాటరీదైతే చార్జింగ్ అయిపోయాకే ఇల్లు చేరుతుంది. అందుకే కరెంటుది, అందులోనూ పొట్టి బ్లేడుది ఎంచాను. "ఏడాదికి రెండు కొమ్మలకు ఇది సాలు కాకా. గని వైరు అందుతదా?" అన్నాడు షాపతను. నాకు చెప్పవచ్చాడు!

అందలేదు. కొమ్మ డాబా పక్కన, ప్లగ్గు వంటింట్లో. మధ్యలో పెట్టిన సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు కమురు వాసన కొట్టింది. దగ్గరున్న ప్లగ్గు తమ్ముడి షెడ్డులోనే. ఎవరికీ ఎరువివ్వకూడదని రంపం ఎంచిన పెద్దమనిషి, గోడ మీదుగా కరెంటు ఎరువడిగాడు. తమ్ముడు మగ్గాలు ఆపి, మోటారుకు వాడే మందపాటి కేబులు పైకి అందించాడు. తర్వాత తనే వచ్చి కొమ్మకు మోకు కట్టి, పైకొమ్మ మీదుగా వేసి, కొస పట్టుకొని మా పెరట్లో నిలబడ్డాడు.

డాబా మీద నిలబడి నేను కోశాను. (కళ్లు మూసుకున్నానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.)

"అన్నా, ఇగ ఆపరాదా! తెగి ఎంత సేపాయె!"

కళ్లు తెరిస్తే రంపం గాలిని కోస్తోంది. కొమ్మ మా పెరట్లో బుద్ధిగా పడుకొని ఉంది. ఒక్క రేకూ కదల్లేదు.

రంపం పక్కన పెట్టి డాబా మీదే కూర్చున్నాను. కాసేపటికి కింద మగ్గాలు మొదలయ్యాయి. చెవుల్లో దూది పెట్టుకొని మరీ నేను తిట్టిపోసిన చప్పుడది. ఆ పూట ఎక్కడ ఆగిపోతుందోనని చెవి ఒగ్గి విన్నాను. కళ్లు చెమర్చింది రేకులు పగలనందుకే తప్ప, వాడు 'అన్నా' అన్నందుకు కాదని మా ఆవిడతో చాలాసేపు వాదించాను. ఆమె నమ్మలేదు. ఇప్పుడైతే నేనూ నమ్మను.