పొర ముదరలేదనుకున్న కన్ను

ఆ రోజు పొద్దుగూకినంక బట్టలు తీద్దామని బాల్కనీలకు పోయిన. ఎదురుంగ ఆఫీసు బిల్డింగులల్ల లైట్లు వెలిగినయి. ఒక్కొక్క లైటు చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనపడ్డయి. ఎడమ కన్ను మూసి చూస్తే ఉన్నయి, కుడి కన్ను మూస్తే లేవు. జర సేపటికి కుడి కనుబొమ్మ మీద నొప్పి మొదలైంది.

మాది ఆ ఆఫీసుల పక్కనున్న పుప్పాలగూడనే. నాకు షుగర్ వచ్చి చాన్నాళ్లయింది. కుడి కన్ను మసక అంతకు ముందు నుంచే ఉండె. మా దిక్కు పెద్దోళ్లందరిది ఒకటే మాట: కంట్ల పొర, అదే శుక్లం, ముదరాలె, ముదిరినంకనే తీపియ్యాలె, పచ్చిగున్నప్పుడు తీస్తే కన్ను చెడుతది. నేను కూడా ముదరనీ అని చూస్తున్న. మా కోడలు శిరీష భీమవరం పిల్ల, సాఫ్ట్‌వేర్ పని చేస్తది. "ఒకసారి చూపిద్దామండి అత్తయ్యా" అని అంటూనే ఉండె.

"మామిడికాయ పండకముందే తెంపుతరా ఏంది?" అన్న.

"పచ్చిగా ఉన్నప్పుడు తెంపితేనే కదండి ఆవకాయ!" అన్నది.

నోరు చాన పెద్దది దానికి. అయినా నేను పోలే.

ఆ నొప్పి తెల్లారేవరకు తలంతా పాకింది. వాంతులైనయి. పైత్యమనుకొని నిమ్మకాయ నీళ్లు తాగిన. తగ్గలే. కన్ను నిప్పు లెక్క ఎర్రగైంది. శిరీష సెలవు పెట్టి కంటి దవాఖానకు తోల్కపోయింది.

డాక్టరమ్మ నా గడ్డం మిషన్ మీద పెట్టిచ్చి చాన సేపు చూసింది.

"పొర ముదిరిందా బిడ్డా?" అని అడిగిన.

"పొర కొద్దిగానే ఉందమ్మా. ఇది నియోవాస్కులర్ గ్లకోమా. షుగర్ వల్ల కంట్లో కొత్త రక్తనాళాలు పిచ్చిగా పెరిగాయి. కంట్లో నీరు బయటికి పోయే దారిని మూసేశాయి. అందుకే ప్రెషర్ ఇంత పెరిగింది."

"ఆపరేషన్ చేస్తే కనపడుతది గదా?"

ఆమె శిరీష దిక్కు చూసింది. "నా దిక్కు చూసి చెప్పు, కన్ను నాది" అన్న.

"పోయిన చూపు రాదమ్మా, నరం దెబ్బతిన్నది. ఇప్పుడు మేం చేసేది నొప్పి తగ్గడానికి, కన్ను తీసేయాల్సిన పరిస్థితి రాకుండా ఉండడానికి."

"ఇగ తిరగనే తిరగదన్న ఫ్యానుకు ఎవరన్న రిపేరు చేయిస్తరా? ఇగ ఇంటికి పోదాం పా" అని లేచిన.

"కూర్చోండమ్మా. ఎడమ కంట్లో కూడా వెనక రెటీనా మీద ఆ కొత్త రక్తనాళాలే మొదలయ్యాయి."

కూసున్న.

చుక్కలు, గోలీలు ఇచ్చిండ్రు. ఆ గోలీలకు వేళ్లల్ల చీమలు పాకినట్లుండె. కుడి కంట్ల ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. మత్తు చుక్కలు వేసినంక ఒత్తినట్లే ఉంటది గాని, కంటికి సూది వస్తదన్న భయమే మనిషిని సగం చంపుతది. తర్వాత రెండు కండ్లకు లేజర్ చేసిండ్రు. ప్రెషర్ దిగింది. గండం గడిచిందనుకున్న.

కొన్ని వారాలకు మళ్ల అదే నొప్పి. "ఇంజెక్షన్ పనిచేసేది కొన్నాళ్లేనమ్మా. కంట్లో నీరు బయటికి పోవడానికి చిన్న వాల్వ్ పెట్టాలి" అన్నది డాక్టరమ్మ. పెట్టినంక కంట్ల రక్తం చేరింది. అది దిగేదాక వంగొద్దు, బరువు ఎత్తొద్దు, తలకు పోసుకోవద్దు అన్నరు. తల కింద దిండ్లు ఎత్తుగ పెట్టుకొని గోడను చూస్తూ పండుకున్న. వంటింట్ల నల్లా కారుతున్న చప్పుడు వినపడుతుండె. లేచి కట్టేసేటందుకు కూడా నాకు చాతగాలే.

శిరీషనే తల దువ్వేది.

"కదలకండి అత్తయ్యా, చిక్కు లాగితే నన్నే అంటారు."

"అంట మరి. మెల్లగ దువ్వు."

అట్ల అంటనే ఏడ్చిన. దానికి కనపడొద్దని మొఖం గోడ దిక్కు పెట్టిన. అది చూసింది గాని దువ్వుకుంటనే ఉండె.

ఇప్పుడు నొప్పి లేదు. ప్రెషర్ చుక్కలతోని అదుపుల ఉన్నది. కుడి కంటికి వెలుగు, చీకటి తప్ప ఏం తెల్వదు. చాయ పోస్తే కప్పుల పడక పక్కకు పోతది, అందుకే కప్పు అంచు వేలుతోని పట్టుకొని పోస్త. ఎడమ కంటితోని బియ్యం ఏరుత, బస్సు నంబరు చూస్త. చూపించుకోను పోయినప్పుడల్లా డాక్టరమ్మను ఒకటే అడుగుత: "ఈ కన్ను ఉంటదా బిడ్డా?"

"ఇప్పటికైతే బాగుందమ్మా. షుగర్ పెరగనివ్వకండి" అంటది.

ఆ "ఇప్పటికైతే" పట్టుకొని ఇంటికొస్త.

షుగర్ ఉన్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మసక అయితే పొర అని మీకు మీరే చెప్పుకొని కూసోకుండ్రి. మసక లేకున్నా సరే, ఏడాదికోసారి పోయి, చుక్కలు వేయించుకొని, కంటి వెనుక రెటీనా చూపించుకోండ్రి. మంచిగ కనపడుతున్నప్పుడు పోతే చూపు నిలబెట్టుమని అడగొచ్చు. నొప్పి వచ్చినంక పోతే, నొప్పి తీయమని మాత్రమే అడుగుతం.