మాఘంలో జారిన మెట్టు

ఆటో దిగుతుండగానే ఆ చప్పుడు వినిపించింది. రోకటి పోటులా ఉంది కానీ రోలు మోగడం లేదు. తడిమట్టి మీద ఎవరో నిదానంగా నడుస్తున్నట్టు మెత్తగా, బరువుగా, ఒక అడుగు వెనక ఒక అడుగు. చూలై పేట సందుల్లో చప్పుళ్ళకు కొదవ లేదు. రేకులు కోసే మిషను ఒక పక్క, అచ్చు యంత్రం ఒక పక్క, టీ కొట్టు ముందు తగువులు. వాటన్నిటి కిందుగా, నేల లోపలి నుంచి వస్తున్నట్టు ఇది. వీణను పసిబిడ్డలా రెండు చేతుల మీద పెట్టుకుని ఆ చప్పుడు వచ్చిన వైపే నడిచాను.

ఆదికేశవులు గారు వసారాలో కూర్చుని మైనం దంచుతున్నారు. తేనెమైనం, గుగ్గిలం, దీపపు మసి కలిసిన నల్లటి ముద్ద. వీణ మెట్లకు అదే నేల. మేకులు లేవు, జిగురు లేదు, ఇరవై నాలుగు మెట్లూ దండి మీద ఉత్త మైనంలో నాటుకుని నిలబడాలి. వాటిని శ్రుతి తప్పకుండా ఎక్కడివక్కడ కూర్చోబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. యాభై ఏళ్ళుగా ఆయన పని అదే.

"మీది కూడా జారిందా అమ్మా?" అన్నారు తల ఎత్తకుండానే. "ఈ వారం వచ్చిన వీణలన్నిటికీ ఒకటే జబ్బు. ఆడ పెట్టండి, గోడ పక్కన. ఎండ తగలకూడదు."

ఆ ఏడాది మాఘమాసం తన పేరు తానే మరిచిపోయింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోవాలి. అది ఎవరికీ చెప్పకుండా ముందే వెళ్ళిపోయింది. మధ్యాహ్నాలు రోహిణి కార్తెలా కాగేవి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఊళ్ళోకి రావలసిన సముద్రపు గాలి, పొద్దువాలేదాకా హార్బరు దగ్గరే ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోయేది. సరే, ఎండాకాలమే అనుకుని దుప్పట్లు మడిచి పెట్టుకుంటే, తెల్లవారుజామున చలి మళ్ళీ గుమ్మంలో ఉండేది, మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన చుట్టంలాగా. పొగమంచులో రైలు కనిపించకుండా దాని కూత ఒక్కటే ఇళ్ళ మీదుగా సాగిపోయేది. ఊరంతా పొద్దున దగ్గుతూ లేచి, మధ్యాహ్నం విసనకర్ర వెతుక్కునేది.

"చలికి వేరే మైనం, ఎండకి వేరే మైనం," అన్నారాయన ముద్దను బొటనవేలితో నొక్కి చూస్తూ. "ఎండలకైతే గుగ్గిలం ఎక్కువ వేస్తాం, గట్టిగా ఉండేదానికి. చలికి అదే వేస్తే పగిలిపోతాది. ఇప్పుడు చూడండి, రెండు కాలాలూ ఒకే దినంలో వచ్చి కూర్చోనుండాయి. పగలు కరుగుతాది, తెల్లారితే పగులుతాది. ఏది వేసేది నేను?"

"ఎవురాడ?" లోపలి నుంచి గట్టిగా గొంతు వినిపించింది.

"వీణ తెచ్చినారే!" ఆయన అంతకంటే గట్టిగా అరిచి, అది చాలదన్నట్టు లేచి లోపలికి కనబడేలా చేత్తో మీటి చూపించారు.

చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది ఆయన భార్య తంగమ్మ. సన్నగా, నిటారుగా, తీగె బిగించినట్టుండే మనిషి. నన్ను చూడకముందే నా వీణను చూసింది. "కాఫీ తాగేసి పోండమ్మా. ఈయన మాటలకి కూర్చుంటే వీణ ముసలిదైపోతాది, మీరూ అయిపోతారు."

"విన్నారా? నేను మాట్లాడేది ఆమెకి వినపడదు. అయినా తప్పు పట్టేస్తాది."

"ఏమంటుండాడు?" అందామె నన్ను చూసి.

"మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు," అన్నాను పెదాలు బాగా కదిపి.

"అబద్ధం!" అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక ఆయన గొంతు తగ్గించారు. తగ్గించాల్సిన పని లేదు, అలవాటు. తంగమ్మ తండ్రి ఇదే సందులో మేళం కట్టేవాడట. ఆదికేశవులు గారు ఆయన దగ్గర పనికి కుదిరిన కుర్రవాడు. చెయ్యి మంచిది, నొక్కితే మెట్టు కదలదు. కానీ శ్రుతిలో చివరి వెంట్రుకవాసి తేడా ఈయన చెవికి అందేది కాదు. మూలన కూర్చుని పూలు కట్టుకునే ఆ ఇంటి పిల్ల తల తిప్పకుండానే అందుకునేది.

"వాళ్ళ నాయన నాకు పిల్లనిచ్చినాడని ఊరంతా అనుకున్నారు," అన్నారాయన. "కాదమ్మా. నాకు చెవినిచ్చి, దానికి తోడుగా ఒక పిల్లని పంపినాడు."

అప్పటి నుంచీ ఇద్దరి పనీ ఒకటే తీరు. వీణ ఆయన ముందు. ఆమె అటు తిరిగి, ఆయనకు వీపు పెట్టి, ఒళ్ళో పూలో చేటలో బియ్యమో పెట్టుకుని కూర్చునేది. ఆయన మీటుతూ మెట్టును జరిపేవారు. "ఇంకా," అనేది ఆమె. "ఇంకా. కొంచెం వెనక్కి రా." ఆ తర్వాత, పూలదండలో ముడి వేసినంత తేలిగ్గా, "చాలు." అప్పుడు ఆయన వెచ్చచేసిన ఇనుప పుల్లతో మెట్టును మైనంలోకి దిగనొక్కేవారు. ఆ మాట పడకుండా ఏ వీణా ఆ గుమ్మం దాటలేదు.

తంగమ్మకు వినికిడి ఒక్కసారిగా పోలేదు. కొళాయి చుక్కలు ముందు పోయాయి, తర్వాత పక్కింటి మాటలు, తర్వాత కుక్కర్ కూత. చెవి మిషను కొనిచ్చారు. అది పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి కానీ వీణ మాత్రం గిన్నెలో చెంచా పడ్డట్టుందని తీసి డబ్బాలో పెట్టేసింది. కూతురు సంయుక్త అంబత్తూరులో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. శ్రుతి కొలిచే యాప్ ఒకటి తండ్రి ఫోనులో వేసి ఇచ్చింది. ఇప్పుడు అందరి వీణలకూ దాంతోనే కడుతున్నారు.

"ముల్లు మధ్యలోకి రాంగానే పచ్చగా వెలుగుతాది. తప్పు చెప్పదు, పావం," అన్నారు. "చెప్పినాక మళ్ళా పూలు కట్టుకోదు. అంతే."

కిటికీకి దూరంగా, మంచం మీద పాత దుప్పటి కప్పుకుని ఒక వీణ పడుకుని ఉంది. అది వాళ్ళ సొంతం. తంగమ్మ చెవులు పూర్తిగా మూసుకుపోకముందు, ఒక మార్గశిరంలో ఇద్దరూ కలిసి కట్టిన ఆఖరి మేళం దాని మీద ఉంది. ఇప్పటికీ దీపం పెట్టాక ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుని కాసేపు వాయిస్తుంది. వేళ్ళకు దారి తెలుసు, పాట లోపల వినిపిస్తుంది.

కానీ అది చలికాలపు మైనంతో కట్టిన మేళం. అందుకని ఏటా ఫాల్గుణం రాగానే, ఎండలు ముదరకముందే, ఆ వీణ ఆటో ఎక్కి అంబత్తూరులో కూతురింటికి పోతుంది. అక్కడ ఏసీ గది ఉంది. వానలు పడ్డాక తిరిగి వస్తుంది.

"పిల్లలు సెలవులకి పోయినట్టు," అన్నాను.

"ఈ తూరి సెలవులు ముందే వచ్చేసినాయి. నేను చూసుకోలేదు." ఆయన దుప్పటి అంచు ఎత్తారు. "మాఘంలో ఈ ఎండ ఎవురనుకున్నారు? మొన్న మధ్యాన్నం చూస్తే అంతర గాంధారం మెట్టు ఒరిగి ఉండాది. మీటినా. మంచి మామిడిపండు కోస్తే లోపల పురుగు అగుపడినట్టయింది."

"ఆమెకు చెప్పారా?"

"చెప్పలేదు. ఆ సాయంత్రం కూడా వాయించింది. కళ్ళు మూసుకుని, నవ్వుకుంటా. ఆమె లోపల సరిగ్గానే పలుకుతుండాది. బయట పలికేది నేనొక్కణ్ణే విన్నా."

"ఫోనుతో సరిచేయొచ్చు కదా?"

"చెయ్యొచ్చు," అన్నారు. దుప్పటి మళ్ళీ కప్పేశారు. "అప్పుడది గోడ పక్కనుండే వీణల్లో ఇంకోటైపోతాది."

నా వీణ తీసుకోవడానికి మళ్ళీ వెళ్ళేసరికి వారం గడిచింది. సాయంత్రం, కానీ గాలి ఇంకా రాలేదు. గోడల్లో దాగిన ఎండ నెమ్మదిగా బయటికి వస్తోంది. వసారాలో ముగ్గురూ ఉన్నారు. సంయుక్త ఆ వీణను అంబత్తూరు తీసుకుపోదామని వచ్చినట్టుంది, దుప్పటి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. తంగమ్మ వీణ ముందు కూర్చుని ఒక మెట్టు మీద వేలు ఆనించి ఉంది.

"ఎన్నాళ్ళయింది?" అంటోంది.

ఆదికేశవులు గారు దీపం వత్తి సర్దసాగారు.

"నిన్న వాయిస్తా ఉంటే నా వేలికి తగిలింది. ఎన్నాళ్ళని అడగతాండా."

ఆయన నేల చూపులు చూస్తూ ఏదో గొణిగారు. ఆమె ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు కనబడితేనే ఆమెకు మాట.

"వారం పైనే," అన్నారు.

"వారంగా తప్పు వాయిస్తా ఉంటే విని ఊరికే ఉండావా? పెళ్ళయిన కొత్తలో సాంబారులో ఉప్పు తక్కువైతే సందంతా చెప్పుకుని తిరిగినావే!"

సంయుక్త నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు, కళ్ళు తుడుచుకోవడానికి పైపంచె వెతుక్కున్నారు. తంగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కూర్చో. కడదాం."

"ఎట్టా కట్టేది?"

"ఎప్పుడూ ఎట్టా కట్టినామో అట్టానే."

వీణ ఆయన ముందుకు వచ్చింది. ఆమె అటు తిరిగి కూర్చుంది. కూర్చుని, నేల మీద జరుగుతూ జరుగుతూ వెనక్కి వచ్చి, వీణ కుండకు వీపు ఆనించింది. ఆమె వెన్నుకూ ఆ పనస చెక్కకూ మధ్య చీర మందమే ఎడం. ఒళ్ళో పూలు లేవు. చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఆయన ఇనుప పుల్లను దీపం మీద వెచ్చచేసి మెట్టు అడుగున మైనాన్ని మెత్తబరిచారు. మీటారు.

"ఇంకా," అంది తంగమ్మ.

మెట్టు కదిలింది. ఆయన మళ్ళీ మీటారు.

"ఇంకా."

సంయుక్త ఫోను తెరిచి పట్టుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ముల్లు ఎడమ నుంచి బయల్దేరి, వణుకుతూ, మధ్యకు వచ్చింది. పచ్చగా వెలిగింది. గాంధారం సరిగ్గా తన ఇంట్లో నిలబడింది. ఆదికేశవులు గారి చెయ్యి ఆగింది. చివరి వెంట్రుకవాసి అందకపోయినా ఈమాత్రం ఆయనకూ తెలుస్తుంది. ఆమె వీపు వైపు చూశారు. ఆ వీపు ఏమీ అనలేదు. ఆమె తల కొంచెం వంచి, ఎక్కడో చాలా దూరంలో ఎవరో పిలుస్తుంటే వింటున్న మనిషిలా ఉంది. ఆ దూరం ఎంతో ఆయనకు తెలియదు, మాకెవరికీ తెలియదు.

"ఇంకా," అంది.

ఆయన జరిపారు. పచ్చదనం ఆరిపోయింది.

"అప్పా, తాండిడుచ్చుప్పా," అంది సంయుక్త తమిళంలో, దాటిపోయిందని. ఆయన అటు చూడకుండానే ఎడమ చెయ్యి ఎత్తి ఆగమన్నారు. మళ్ళీ మీటారు. ఆ స్వరం ఇప్పుడు గాంధారం కాదు, దాన్ని దాటి మధ్యమం వైపు ఒక వెంట్రుకవాసి ఒరిగిన ఏదో. నా ఒంటికి ఇసుక తగిలినట్టయింది.

"చాలు," అంది తంగమ్మ.

ఆ మాట పలికినప్పుడు ఆమె భుజాలు సడలాయి. ఆదికేశవులు గారు ఇనుప పుల్లను దీపం మీద తిప్పుతూ ఉండిపోయారు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే తిప్పారు. తప్పు మెట్టును ఒక్కదాన్ని కూడా గుమ్మం దాటనివ్వని మనిషి. తర్వాత వంగి, బొటనవేలి బరువంతా పెట్టి, ఆ మెట్టును ఆమె చెప్పిన చోటే మైనంలోకి దిగనొక్కారు.

"కూర్చుందా?" ఆమె ఇటు తిరిగి అడిగింది.

"కూర్చుంది."

"సరిగ్గా ఉందా?"

ఆయన తన పెదాలు ఆమెకు స్పష్టంగా కనబడేలా ముందుకు వంగారు. "నువ్వు చాలన్నావు కదే," అన్నారు.

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఏం చదువుకుందో తెలియదు. వీణను ఒళ్ళోకి లాక్కుని వాయించడం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది గాలి. సందు మొదట్లో ఆరేసిన బట్టలు ఒక్కసారిగా లేచాయి, దీపం ఆరిపోయింది. పాట నడుస్తూ నడుస్తూ ఆ ఒక్కచోటికి వచ్చినప్పుడల్లా, తెలియని వీధిలోకి తిరిగినట్టు తిరిగి, మళ్ళీ దారిలోకి వచ్చేది. మూడోసారికి నేను ఆ మలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. సంయుక్త ఫోను ఆపి బ్యాగులో వేసుకుంది.

ఆదికేశవులు గారు నా వీణను తానే మోసుకుంటూ ఆటో దాకా వచ్చారు. నా ఒడిలో పెట్టి, మెట్లన్నీ ఒకసారి తడిమి చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వెనక, గాలిలో, ఆ పాట ఇంకా వినిపిస్తోంది.

"ఆ వీణను అంబత్తూరు పంపేస్తున్నారా?" అని అడిగాను. "మళ్ళీ ఎండలు వస్తాయి కదా."

ఆయన ఇంటి వైపు చూశారు. ఆటో బయల్దేరబోతుండగా కమ్మీ పట్టుకుని లోపలికి వంగారు.

"పంపనమ్మా, ఈడే ఉంటాది. ఎండలు బాగా ముదరనీ, మైనం మళ్ళా కరగనీ. కరిగితేనే కదా, మళ్ళా ఇద్దరం కూర్చునేది."